పురపాలక సంఘములు – వాని పరస్పర సహాయము

ఒకనాడు పౌరశాస్త్ర పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, మన వీధి దీపములను మన మునిసిపాలిటీ వెలిగించును, పొరుగూరి దీపములను పొరుగూరి మునిసిపాలిటీ వెలిగించును. ఇక ఒక మునిసిపాలిటీకి మఱియొక మునిసిపాలిటీతో పనియేమి?" అని యడిగెను. తరగతిలో కొందఱు నవ్విరి. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. పెద్దలలో ననేకులకు తోచని ప్రశ్న. ఇంతలో గంట మ్రోగుటచే నాడు సగము సమాధానమే చెప్పగలిగితిమి. తక్కిన సగమును ఈ పత్రికాముఖమున విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

ఇందులకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నగరముల చరిత్రను ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఏలయన, అచటి నగరములు ఒంటరితనము వలన కలుగు నష్టమును చవిచూచినవి, సంఘములుగా గూడినవి, ఆ కూడికవలన కొంత లాభమును పొందినవి. ఆ సంఘముల శక్తి యెచట ఆగిపోవునో గూడ ఆ చరిత్ర దాచక చెప్పుచున్నది.

1904వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేది ఆదివారము. తూర్పు తీరముననున్న బాల్టిమోరు నగరములో, ఉదయము పదకొండు గంటలు కావచ్చుచుండగా, ఒక టోకు బట్టల వర్తకశాల నేలమాళిగలో నిప్పంటుకొనెను. దానికి గాలి తోడయ్యెను. మంటలు ఒక భవనము నుండి మఱియొక భవనమునకు దూకజొచ్చెను. నగరపు అగ్నిమాపక దళము తన శక్తినంతయు వినియోగించియు నిలువరింపలేక, పొరుగు నగరములకు తంతివార్తలు పంపెను. నలుబది మైళ్ళ దూరముననున్న వాషింగ్టను నుండి యంత్రములును మనుష్యులును రైలుబండి మీద తరలి వచ్చిరి. ఫిలడెల్ఫియా నుండి వచ్చిరి. న్యూయార్కు నుండి వచ్చిరి. పిలిచినవారికి పలుకని పొరుగువారు లేరు.

కాని వచ్చినవారిలో పలువురు తమ గొట్టములను బాల్టిమోరు వీధులలోని నీటి కొళాయిలకు తగిలింపబోగా అవి పట్టలేదు. గొట్టపు కొనయందు ఒక ఇత్తడి బిగింపు ఉండును. దాని లోపల మరచుట్లుండును. కొళాయి మూతికిని అట్టి చుట్లే యుండును. రెంటి కొలతయు సరిపోయిననే గొట్టము బిగియును, నీరు పాఱును. అమెరికాలోనో, ఏ నగరమునకు ఆ నగరము తనకు తోచిన కొలతతో ఈ బిగింపులను చేయించుకొని యుండెను. దేశమున ఆఱువందలకు పైబడిన రకములు వాడుకలో నున్నట్లు తరువాతి విచారణలో తేలెను. ఎదుట మంటలు, చేతిలో గొట్టము, ప్రక్కనే కొళాయి, కొళాయిలో నీరు. అయినను ఆ నీరు ఆ గొట్టములోనికి రాదు! ఆ యగ్ని సుమారు ముప్పది గంటల కాలము మండి, పదునైదు వందలకు మించిన భవనములను బూడిద చేసి, జోన్సు ఫాల్సు అను చిన్న యేటి యొడ్డున గాని శాంతింపలేదు. గొట్టములు సరిపోయినచో నగరమంతయు దక్కెడిదని మేము చెప్పజాలము; నాటి గాలి సామాన్యమైనది కాదు. కాని రైలెక్కి వచ్చిన సహాయములో కొంత భాగము, అంగుళములో నొక చిన్న భేదమువలన వ్యర్థమయ్యెనని మాత్రము చెప్పవచ్చును.

ఈ వృత్తాంతములో మన విద్యార్థి ప్రశ్నకు సమాధానము దాగియున్నది. బాల్టిమోరునకు కొఱవడినది పొరుగువారి సద్భావము కాదు. ఆపద రాకముందే, తీరిక వేళ, పొరుగువారితో గూర్చుండి "మన గొట్టములు ఒక్క కొలతగా నుండవలెను" అని నిర్ణయించుకొను ఏర్పాటు కొఱవడినది. మఱుసటి సంవత్సరము, అనగా 1905లో, ఆ దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘము ఒక కొలతను నిశ్చయించెను: రెండున్నర అంగుళముల గొట్టమునకు అంగుళమునకు ఏడున్నర మరచుట్లు. అయినను దానిని స్వీకరించుట నగరముల యిచ్చకు విడువబడినందున, నూఱు సంవత్సరములు గడచిన తరువాత గూడ కొన్ని పెద్ద నగరములు పాత కొలతలనే వాడుచుండెను. ఒప్పందము వ్రాయుట ఒకటి. ఊరూర దానిని అమలు జరుపుట మఱియొకటి. ఈ భేదమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దాని ప్రసక్తి వచ్చును.

నగరములు ఒంటరిగా బలహీనము లగుటకు వేఱొక కారణము గూడ కలదు. అది చట్టమునకు సంబంధించినది. అమెరికా రాజ్యాంగములో రాష్ట్రముల పేరు కలదు గాని నగరముల పేరు లేదు. 1868లో అయోవా రాష్ట్రమున డిల్లను అను న్యాయమూర్తి, నగరము రాష్ట్ర శాసనసభ సృష్టించిన వస్తువనియు, శాసనసభ యిచ్చిన అధికారములు తప్ప వేఱు అధికారములు దానికి లేవనియు తీర్పు చెప్పెను. తరువాత పెక్కు రాష్ట్రముల న్యాయస్థానములు ఆ మార్గముననే నడచినవి. కావున నొక పట్టణము క్రొత్త పన్ను వేయవలెనన్నను, అప్పు తీసికొనవలెనన్నను, రాష్ట్ర రాజధాని వైపు చూడవలసినదే. రాజధానిలో పల్లెప్రాంతముల సభ్యులు అధికముగా నున్నప్పుడు పట్టణపు మొఱ వినువారుండరు. ఒక్క పట్టణము వెళ్ళి తలుపు తట్టినచో తలుపు తెఱచుట కష్టము. నూఱు పట్టణములు కలిసి తట్టినచో తెఱువక తప్పదు.

ఇట్టి యవసరము వలననే పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగము మొదలుకొని ఒక్కొక్క రాష్ట్రములోని పట్టణములు తమలో తాము సంఘములుగా నేర్పడజొచ్చినవి. వీనికి పట్టణముల సమితులని పేరిడుకొందము. 1924లో అట్టి పది రాష్ట్రముల సమితులు కాన్సాసు రాష్ట్రములోని లారెన్సు పట్టణమున సమావేశమై, అమెరికా పురపాలక సంఘము అను దేశవ్యాప్త సంస్థను స్థాపించెను. నలుబది సంవత్సరముల తరువాత, అనగా 1964లో, అది జాతీయ నగర సమితి యని పేరు మార్చుకొని నేటికిని పనిచేయుచున్నది.

ఈ సమితులు చేయు పని యెట్టిదో ఒక చిన్న పట్టణమును ఊహించుకొని చూతము. అందు ఐదువేల జనసంఖ్య కలదు. కౌన్సిలు సభ్యులు పగలు దుకాణములోనో పొలములోనో పనిచేసికొని సాయంకాలము సభకు వచ్చువారు. కార్యాలయములో నొక గుమాస్తాయు, ఇద్దఱు ముగ్గురు సిబ్బందియు ఉందురు. ఊరిలో క్రొత్తగా మురుగునీటి కాలువలు వేయవలసి వచ్చెను. ఎంత ఖర్చగును? కంట్రాక్టు ఏ విధముగా వ్రాయవలెను? ఇంటింటికి ఎంత రుసుము విధింపవలెను? ఈ సంగతులన్నియు తెలిసిన యింజనీరును, న్యాయవాదిని జీతమిచ్చి ఉంచుకొను స్తోమత ఆ పట్టణమునకు లేదు. అప్పుడా గుమాస్తా సమితి కార్యాలయమునకు ఒక జాబు వ్రాయును. అచట, ఇదివరకు ఇట్టి పని చేసిన పట్టణములు వ్రాసికొన్న నిబంధనలు, లెక్కలు, వారు చేసిన పొరపాట్లు గూడ భద్రపఱచి యుండును. వానిని చూచి సమితివారు ప్రత్యుత్తర మిత్తురు. ఒక ఊరు డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్న పాఠమును మఱియొక ఊరు తపాలా ఖర్చుతో నేర్చుకొనును. సమితి చేయు మొదటి సహాయ మిదియే. దీనిని తెలివి పంచుకొనుట యని చెప్పవచ్చును.

రెండవది శిక్షణ. ఎన్నికలలో గెలిచినంత మాత్రమున బడ్జెటు చదువుట తెలియదు గదా! క్రొత్తగా ఎన్నికైన సభ్యులను పిలిచి, పన్నుల లెక్క ఎట్లు చూడవలెనో, సభ ఎట్లు జరుపవలెనో, తన బంధువునకు కంట్రాక్టు ఏల యీయరాదో సమితులు బోధించును.

మూడవది భారమును పంచుకొనుట. 1980ల నడిమి కాలమున అమెరికాలోని భీమా కంపెనీలు పట్టణములకు భీమా యిచ్చుటకు వెనుదీసెను. ఇచ్చినను రుసుమును విపరీతముగా పెంచెను. భీమా లేనియెడల, ఉద్యానవనములో నొక బాలుడు ఊయల నుండి పడి కాలు విఱుగగొట్టుకొన్నను, దావాలో పరిహారము చెల్లించుటకు పట్టణపు ఖజానా చాలదు. అందుచే కొన్నిచోట్ల ఆటస్థలములను మూసివేయు నాలోచన గూడ బయలుదేఱెను. అప్పుడు పలు రాష్ట్రములలో సమితుల యాధ్వర్యమున పట్టణములు తలా కొంత సొమ్ము వేసి ఉమ్మడి నిధులను స్థాపించుకొనెను. ఏ పట్టణమునకు ఆపద వచ్చినను ఆ నిధి నుండి చెల్లింతురు. పల్లెలలో రైతులు ఒకరి కోతకు మఱియొకరు బదులు పోవుట మనమెఱుగుదుము, ఇదియు నట్టిదే.

నాలుగవ సహాయము గొంతు కలుపుట. దీని విలువ తెలియవలెనన్నచో డిట్రాయిటు నగరపు కథ చెప్పవలెను.

డిట్రాయిటు మోటారుకార్ల నగరము. 1930 జనాభా లెక్కలలో అందు పదునైదు లక్షలకు పైగా జనముండిరి. 1929లో దేశమున ఏబది లక్షలకు మించిన మోటారు వాహనములు తయారయ్యెను. ఆర్థిక మాంద్యము ముదిరిన 1932లో ఆ సంఖ్య పదునాలుగు లక్షలకు లోబడెను. కార్లు కొనువారు లేనందున కర్మాగారములు మూతపడెను. కూలి లేక కుటుంబములు పస్తులుండెను. 1930లో మేయరుగా ఎన్నికైన ఫ్రాంకు మర్ఫీ, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట నగరపు ధర్మమని నమ్మిన మనుజుడు. ఖాళీ స్థలములను పనిలేనివారికి పంచి కూరగాయలు పండించుకొనుటకు ఏర్పాటు చేసెను. నగరపు ఖజానా నుండి వేలకొలది కుటుంబములకు సహాయ మందజేసెను. కాని ఇంటిపన్ను కట్టవలసినవారే పనిలేక యున్నప్పుడు ఖజానా నిండుట యెట్లు? అప్పులిచ్చిన బ్యాంకులు ఖర్చు తగ్గింపుమని పట్టుబట్టినవి. రాష్ట్ర ప్రభుత్వము ఆదుకొనలేదు. ఆనాటి దేశాధ్యక్షుడు హూవరు, పేదల పోషణము స్థానికులదే గాని కేంద్ర ప్రభుత్వముది కాదను అభిప్రాయము గలవాడు.

డిట్రాయిటు ఒంటరిగా మొఱపెట్టుకొన్నచో, అది ఒక దుబారా నగరపు మొఱ యని ప్రజలు త్రోసివేసి యుందురు. మర్ఫీ వేఱొక మార్గమును త్రొక్కెను. 1932 జూను నెల యారంభమున దేశములోని పెద్ద నగరముల మేయర్లను డిట్రాయిటునకు ఆహ్వానించెను. ఒకరి లెక్కలు ఒకరు చూచుకొనగా, అన్నిచోట్లను అదే వ్యథ యని తెలిసెను. ఇది ఒక మేయరు చేసిన తప్పు కాదు, దేశమునకు వచ్చిన కఱవు అని అప్పుడు స్పష్టమయ్యెను. వారు కూడబలుకుకొని, ప్రజోపయోగ నిర్మాణములకై ఐదువందల కోట్ల డాలర్లు కావలెనని తీర్మానించి, ఆ కోరికను వాషింగ్టనునకు కొనిపోయిరి. వారడిగినంత లభింపలేదు. కాని ఆ జూలై నెలలో కాంగ్రెసు చేసిన చట్టము ప్రకారము నిరుద్యోగుల సహాయార్థము రాష్ట్రములకు అప్పుగా నిచ్చుటకు ముప్పది కోట్ల డాలర్లు కేటాయింపబడెను. ఇది మేయర్ల కృషి ఫలమే యని చెప్పుట అతిశయోక్తి యగును. ఆ కాలమున అనేకులు అట్టి సహాయమునకై పోరాడుచుండిరి. కాని నగరముల మాట మొట్టమొదటి సారిగా ఏకకంఠమున రాజధానిలో వినబడెనని మాత్రము చరిత్ర చెప్పును.

1933 ఫిబ్రవరిలో మేయర్లు వాషింగ్టనున మరల కూడి తమ కూటమిని స్థిరమైన సంస్థగా నేర్పఱచుకొనిరి. అదియే అమెరికా మేయర్ల మహాసభ. ముప్పదివేలు గాని అంతకు మించి గాని జనసంఖ్య గల నగరముల మేయర్లు అందు సభ్యులు. ఆ యేడే క్రొత్త యధ్యక్షుడు రూజ్వెల్టు కేంద్ర ప్రభుత్వపు ఖర్చుతో పనులు కల్పించు కార్యక్రమమును ప్రారంభించెను. 1934 జనవరి నాటికి నలుబది లక్షలకు పైగా జనము ఆ పనులలో చేరి కూలి సంపాదించిరి. వేసిన రోడ్లు, బాగుచేసిన బడులు, త్రవ్విన కాలువలు చాలవఱకు పట్టణములకు సంబంధించినవే. ఏ పని ముందు చేయవలెనో పట్టణములకే తెలియును గనుక, రాజధానికిని వీధికిని నడుమ మేయర్ల మహాసభ వారధియై నిలిచెను. 1935 నుండి పదేండ్లపాటు న్యూయార్కు మేయరు లా గార్డియా దానికి అధ్యక్షుడై యుండెను.

ఎనుబది యెనిమిది సంవత్సరముల తరువాత ఇట్టి కథయే మరల జరిగెను. 2020లో కోవిడు మహమ్మారి వ్యాపించినపుడు అంగళ్ళు మూతపడి పట్టణముల రాబడి తగ్గెను. ఆరోగ్యపు ఖర్చులు పెరిగెను. ఆ మార్చిలో కాంగ్రెసు చేసిన మొదటి చట్టము ప్రకారము, ఐదు లక్షలకు మించిన జనసంఖ్య గల స్థానిక ప్రభుత్వములకు మాత్రమే కేంద్రము నుండి నేరుగా సొమ్ము లభించెను. అనగా చిన్న పట్టణములు వరుసలో చివర నిలువవలసి వచ్చెను. జాతీయ నగర సమితియు, మేయర్ల మహాసభయు, తోడి సంఘములును ఒక సంవత్సరముపాటు విడువక విన్నవించినవి. 2021 మార్చిలో వచ్చిన రెండవ చట్టములో రాష్ట్రములకును స్థానిక ప్రభుత్వములకును కలిపి ముప్పది యైదువేల కోట్ల డాలర్లు ఏర్పఱుపబడగా, అందు ఆఱువేల ఐదువందల కోట్ల డాలర్లకు పైగా నగరములకును పట్టణములకును ప్రత్యేకింపబడెను. ఈమారు జనసంఖ్య తక్కువయని ఏ పట్టణమును విడిచిపెట్టలేదు. ఐదువేల జనము గల మన ఊహాపట్టణము వంటి పట్టణమునకు గూడ దాని వంతు చేరెను.

ఇంతవఱకు చెప్పినది విని, సంఘము చేరినచో కష్టములన్నియు తీరునని చదువరులు తలంపరాదు. దాని పరిమితులను గూడ చెప్పుట మా విధి.

మొదటిది: సంఘము మాట యీయగలదు గాని పని చేయింపలేదు. 2005 ఫిబ్రవరిలో సియాటిలు నగర మేయరు గ్రెగు నికెల్సు, వాతావరణమును వేడెక్కించు వాయువులను 1990 నాటి కొలత కంటె నూటికి ఏడు వంతులు తగ్గింతుమను ఒప్పందమును తోడి మేయర్ల యెదుట పెట్టెను. 2012 దానికి గడువు. మేయర్ల మహాసభ దానిని ఆమోదించెను. కొన్ని సంవత్సరములలో వేయిమందికి పైగా మేయర్లు చేవ్రాలు చేసిరి. కాని చేవ్రాలు చేసిన ప్రతి నగరమును ఆ మాట నిలుపుకొనలేదు. కొన్ని తమ పొగను లెక్కించుకొననైన లేదు. గొట్టముల కొలత విషయమున జరిగినదే ఇచటను జరిగెను.

రెండవది: సంఘము అప్పులు తీర్పలేదు. మేయర్ల మహాసభకు పుట్టినిల్లైన డిట్రాయిటు నగరమే 2013 జూలై 18వ తేదిన దివాలా దాఖలు చేసెను. కర్మాగారములు తరలిపోయి, జనము మూడింట రెండు వంతులకు దగ్గఱగా తగ్గి, పింఛనుల భారము పెరిగిన నగరమును ఏ తీర్మానమును నిలువబెట్టలేకపోయెను. మఱుసటి సంవత్సరము డిసెంబరున న్యాయస్థానపు ఏర్పాటు ప్రకారము అది దివాలా నుండి బయటపడెను; అందులకై పింఛనుదారులు తమ పింఛనులో కొంత భాగమును వదలుకొనవలసి వచ్చెను.

మూడవది: సంఘములో కూర్చుండువారు మేయర్లును కౌన్సిలర్లును గాని సామాన్య జనులు కారు. నగరపు కార్యాలయమునకు మేలైనదెల్ల నగరవాసికి మేలు కానక్కఱలేదు. తన కౌన్సిలర్లు ఎచట ఏ సభకు పోయిరో, అచట ఏమి నేర్చుకొని వచ్చిరో, ఊరివారు అడుగనియెడల సంఘపు సభలు వట్టి విహారయాత్రలుగా మాఱును.

ఇక మన దేశపు సంగతి రెండు మాటలు. నగరముల పేరు అమెరికా రాజ్యాంగములో లేదంటిమి. మన రాజ్యాంగములో 1993 జూను 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన డెబ్బది నాల్గవ సవరణ వలన పురపాలక సంఘములకు స్పష్టమైన స్థానము కలిగెను. వానికి అప్పగింపదగిన పదునెనిమిది విషయముల పట్టిక గూడ చేర్పబడెను. అందు అగ్నిమాపక సేవ యొకటి. కాని వానిలో దేని నెంతవఱకు అప్పగింపవలెనో నిర్ణయించునది రాష్ట్ర శాసనసభయే. కనుకనే రెండు తెలుగు రాష్ట్రములలోను అగ్నిమాపక శాఖ నేటికిని రాష్ట్ర ప్రభుత్వపు చేతిలోనే యున్నది. పేరు చట్టములోనికి ఎక్కినను అధికారము ఊరికి దిగి రావలెనన్నచో ఊళ్ళు కలిసి అడుగవలసిన యవసరము ఇచటను కలదని దీనివలన తెలియుచున్నది.

ప్రపంచపు మహానగరముల సంఘమొకటి కలదు. దాని పేరు మెట్రోపొలిసు; కార్యస్థానము స్పెయిను దేశములోని బార్సిలోనా. ఆ సంఘపు పదునొకండవ మహాసభ 2014 అక్టోబరు 6 నుండి 10వ తేది వఱకు మన హైదరాబాదు నగరములో జరిగెను. పలు దేశముల నగర ప్రతినిధులు వచ్చి నీటిని గూర్చియు, వసతిని గూర్చియు, ఆపదలను గూర్చియు ముచ్చటించుకొనిరి. సభ ముగిసిన రెండు దినములకు, అనగా 12వ తేదిన, హుదుదు తుపాను విశాఖపట్టణముపై విఱుచుకొనిపడెను. చెట్లు కూలెను, విద్యుత్తంభములు ఒఱగెను, ఇండ్లకు నీరు లేకపోయెను. అప్పుడు ఇతర పట్టణముల నుండియు జిల్లాల నుండియు పారిశుద్ధ్య కార్మికులు, విద్యుత్తు పనివారు వచ్చి, వీధులు శుభ్రము చేసి, తీగలు నిలిపి, నగరమును తిరిగి లేవనెత్తిరి. ఇది నగరముల సంఘము పంపిన సహాయము కాదు, ప్రభుత్వపు ఉత్తరువుల మీద జరిగినది. అయినను ఒక ఊరి చీపురు మఱియొక ఊరి వీధిలో ఎంత విలువైనదో నాడు విశాఖవాసులు కన్నులార జూచిరి. అట్టి సహాయము ఉత్తరువుకై కాచుకొనక, ముందే వ్రాసికొన్న ఒప్పందము ప్రకారము తనంతట కదలివచ్చినచో ఇంకను మేలుగదా! దేశములోని మేయర్ల కూటమిగాని, రాష్ట్రములోని మునిసిపల్ అధ్యక్షుల కూటమిగాని చేయదగిన పని యిట్టిదే.

ఆనాడు ప్రశ్న యడిగిన విద్యార్థికి ఇప్పుడు మా సమాధానము చెప్పుచున్నాము. నాయనా, దీపము వెలిగించుటకు పొరుగూరితో పనిలేదు; నీవన్నది నిజమే. కాని దీపస్తంభమును చౌకగా కొనుట యెట్లో పొరుగూరికి తెలిసి యుండవచ్చును. దానిని కొనుటకు సొమ్ము రాజధాని నుండి రావలసియున్నచో మన యూరి యొక్క గొంతు చాలదు. తుపానులో ఆ స్తంభము కూలినచో దానిని లేవనెత్తుటకు మన యూరి చేతులు చాలవు. ఈ మూడు వేళలను తలచుకొని ఊళ్ళు ముందుగా కూర్చుండి మాటలాడుకొనుటకే సంఘము.

విద్యార్థులు ఈ సెలవులలో ఒక పని చేయుదురు గాక. తమ తలిదండ్రులతో గూడ మునిసిపలు కార్యాలయమునకు గాని, పంచాయతి కార్యాలయమునకు గాని పోయి, "మన యూరిలో నిప్పంటుకొన్నచో మొదట వచ్చు యంత్రము ఎచట నున్నది? అది చాలనియెడల ఏ యూరి నుండి రెండవ యంత్రము వచ్చును? దాని గొట్టము మన కొళాయికి పట్టునా?" అని వినయముగా అడిగి, చెప్పిన సమాధానమును వ్రాసికొని రావలెను. బడి తెఱచిన పిమ్మట ఆ సమాధానములను తరగతిలో చదివింతుము. ఎవరును ఇంతవఱకు పరీక్షించి చూడలేదని తేలినచో, ఆ ప్రశ్న అడుగుటయే మన యూరికి మన పాఠశాల చేసిన సేవ యగును.